ఆదివారం రాసిన రీడింగు

దెయ్యాలు, శకునాలు నేనెప్పుడూ నమ్మలేదు. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. కొలతకు అందనిది నా లెక్కలోకి రాదు. అందుకే ఇది కూడా కొలతలతోనే చెబుతున్నాను.

తెలుగువాళ్ళు వలసొచ్చిన ఈ ఉక్కు నగరంలో రెండేళ్ళు తిరిగినా ఏ ప్లాంటులోనూ పని దొరకలేదు. చివరికి మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరాను. ఆఖరి నెల కద్మాలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో శిక్షణ. వంద మందికి బీపీ చూసి, పుస్తకంలో రాసి, సోమవారం సంతకం చేయించుకోవాలి. ఒకరిని ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. నాకు ఇంకెక్కడి నుంచీ పిలుపు లేదు.

రోగులు తక్కువ, మేం ఎక్కువ. లెక్కకు తగ్గినవాటిని అందరం ఊహించి రాసేవాళ్ళం. శనివారం హెడ్ సిస్టర్ నా పుస్తకం తిప్పి, "అరే హీరో, అందరికీ నూట ఇరవై బై ఎనభైయేనా? ఈ షహర్‌లో టెన్షన్ ఉన్నవాడే లేడా?" అంది.

ఆదివారం గోవింద్‌పూర్‌లో ఉచిత శిబిరం. నాకింకా పదకొండు కావాలి. అయినా పొద్దున్న మంచం దిగాలనిపించలేదు. అలాంటి పొద్దులు ఎక్కువయ్యాయి. సీతారాండేరాలో నా గదిలోనే కూర్చుని, శిబిరంలో చూసినట్టు రాసేశాను. ముందు రిమార్కుల గడులన్నీ ఒకే ఊపులో నింపాను: "నార్మల్. ఇంటికి పంపాను." తర్వాత పేర్లు, అంకెలు. నమ్మకం కలగాలని ఒకామెకు ఎక్కువ వేశాను. అప్పలనర్సమ్మ, యాభై నాలుగేళ్ళు, 207/118.

రాశాక తప్పు తెలిసింది. మా మీటరు మీద రెండేసి అంకెలకు ఒక గీత. బేసి అంకె రాదు. కొట్టేస్తే అనుమానమొస్తుందని వదిలేశాను.

సోమవారం తొమ్మిదిన్నరకు ఒకామె తన కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. అప్పలనర్సమ్మ. మా తెలుగువాళ్ళలో మామూలు పేరే అనుకున్నాను. వయసు యాభై నాలుగంది.

"నిన్న కేంపులో నువ్వే కదేటి బాబూ సూసినావు? ఏటీ నేదు, ఇంటికెల్లిపోమన్నావు. రేతిరంతా తల పగిలిపోనాది."

పట్టీ కట్టాను. గాలి వదులుతుంటే మొదటి చప్పుడు వినపడినప్పుడు ముల్లు 208కీ 206కీ సరిగ్గా నడుమ ఉంది. చప్పుడు ఆగింది 118 దగ్గర.

డాక్టరు గదికి నడిపిస్తుంటే నా భుజం మీదే ఒరిగిపోయింది. పెద్దాసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మెదడులో నరం చిట్లి ఉంటుందన్నారు.

సాయంత్రం కొడుకు కాగితాల కోసం వచ్చాడు. "భయ్యా, నిన్ననే పెద్దాసుపత్రికి ఎల్దామన్నాను. ఆ తెలుగు బాబు పర్నేదన్నాడ్రా అనీసి మాయమ్మే ఆపీసింది. నిజం సెప్పుంటే నీదేటి పోయుండును?"

నిన్న నేనామెను చూడనే లేదన్నాను. సంతకానికని నా పుస్తకం తెరిచిన హెడ్ సిస్టర్ ఆ పేజీ అతని వైపు తిప్పింది. పేరు, అంకె, "ఇంటికి పంపాను". అంతా నా చేతిరాతే.

చూశానంటే ఆమెను చంపినవాణ్ణి. చూడలేదంటే దొంగ రాతలు రాసినవాణ్ణి. సంతకం పడలేదు. కోర్సు పోయింది, ఉద్యోగమూ పోయింది.

శిబిరానికి వెళ్ళిన తోటి విద్యార్థిని అడిగాను, నేనక్కడ లేనని కనీసం వాడైనా చెబుతాడని.

"మజాక్ చేస్తన్నావేట్రా? సివరి టేబులు నీదే కదా. మంచినీళ్ళ సీసా నేనే ఇచ్చినాను."

ఇది ఎలా జరిగిందో ఇవాళ్టికీ చెప్పలేను. ఆ ఆదివారం నేను గదిలోనే ఉన్నాను. ఆ సంగతి చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మధ్య నా మాట నాకే నమ్మకం కుదరడం లేదు.