బాపు ఎండబెట్టిన కంప్యూటర్

కంప్యూటర్ అంటే ఒంటినిండా కండ ఉన్న సామాను అనుకునే రోజులవి. కరీంనగర్‌ల నేను కోర్సు చేసిన సెంటర్‌ల కంప్యూటర్లకు విడిగా ఒక గది, గదికి ఏసీ, గడప ముందట చెప్పుల కుప్ప. గుళ్ళెకు పోయినట్టు ఉత్తకాళ్ళతోని లోపలికి పోయేది. ఏసీ గాలికి నేను షాలు కప్పుకొని వణుక్కుంట టైపు కొట్టేదాన్ని (వేడి పడనిది దానికి, చలి పడనిది నాకు, మా ఇద్దరి జాతకాలు మొదటినుంచీ అంతే). అందుకే మస్కట్‌ల పనిచేసే మా అన్న సెలవు మీద వచ్చి, బట్టల సంచిల నుంచి ఒక పల్చటి నల్ల బిళ్ళను తీసి "చెల్లె, ఇది నీకే, కంప్యూటర్" అని నా ఒళ్ళో పెట్టినప్పుడు, మిగిలిన పెద్ద పెట్టె ఇంకా ఆటోలనే ఉన్నదేమోనని నేను వాకిట్లకు పోయి చూసి వచ్చిన.

మాది జమ్మికుంట దగ్గరి ఊరు. పత్తి తప్ప వేరే ముచ్చట తెల్వని ఊరు. ఏ వస్తువునైనా ముందుగాల చేతిల పట్టుకొని బరువు చూసుడు మాకు పుట్టుకతోని వచ్చిన విద్య. చిన్నమ్మ దాన్ని ఒంటిచేత్తో లేపి, "గింత తేలికున్నది, లోపట ఏమన్న పెట్టిండ్రా, ఉత్తదే ఇచ్చిండ్రా?" అన్నది. కాక అయితే, "సగం సామాను ఎయిర్‌పోర్టులనే గుంజుకున్నట్టున్నరు" అని తేల్చేసిండు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ దానికి పలక అని పేరు పెట్టి, "పలక అంటరు, బలపం లేదు. రేడియో అనుకుందామంటె పలకనే పలకది" అని పెదవి విరిచింది. ఇంతమంది పరీక్ష చేసినంక సొంతదారును నేను చెయ్యకుంటె ఎట్ల? వారం రోజులు వాడి నేను ఇచ్చిన మార్కులు ఇవి: చంకల పెట్టుకొని ఎక్కడికైనా పోవచ్చు, దానికి ఫుల్ మార్కులు. బ్యాటరీ మాత్రం అవ్వ ఉల్లిగడ్డలు కోసుడు మొదలుపెడితే కూర దించేదాక వచ్చేది, అంతే. ఆ తర్వాత కరెంటు ఉంటే దాని అదృష్టం, లేకుంటే నా కర్మ. ఇగ ఒళ్ళో పెట్టుకుంటే చలికాలం కుంపటి లెక్క కాలేది. మొత్తం మీద మనిషి సన్నం, కోపం జాస్తి.

అసలు సంగతి ఏందంటే, జమ్మికుంటల పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు సేటు ఒకాయన, తూకం చీటీల లెక్కలు ఈ యంత్రం మీద చేసి చూపిస్తే నన్ను ఆఫీసుల పనికి పెట్టుకుంటనన్నడు. సోమవారం రమ్మన్నడు. మా ఇంట్ల ఆడపిల్ల బయట కొలువు చేసుడు అప్పటిదాక లేదు. అవ్వ ఒప్పుకున్నది, అన్న ఒప్పుకున్నడు, బాపు మాట మాత్రం బయటికి రాలే. పైంగ ఆ సేటుతోని బాపుకు అప్పుడే ఒక చేదు ముచ్చట నడిచింది. శివరాత్రి తర్వాత వచ్చిన అకాల వానకు మా కడపటి పత్తి నానింది. పైపైన ఆరబెట్టి మిల్లుకు తోలుకపోతే, సేటు కుప్పల మోచేతిదాక చెయ్యి పెట్టి, "పటేలా, లోపట ఉడుకుతున్నది, అంటె తడి ఉన్నది. ఎండబెట్టి తీస్కరా" అని ట్రాక్టర్‌ను వాపస్ పంపిండు. నిండు ట్రాక్టర్ ఊరి నడిమి నుంచి తిరిగొస్తుంటె బాపు తలకాయ దించుకొని దాని వెనుక నడిచి వచ్చిండు. నేనేమో అదే మిల్లుకు పోతనంటున్న.

"సోమవారం పోవాల్నా వద్దా బాపు?" అని అడిగితే, "సామాను చూసినంక చెప్త" అన్నడు.

శనివారం పొద్దుగూకంగ బాపు కాళ్ళు చేతులు కడుక్కొని, కండువాతోని తుడుసుకొని నా ఎదురుంగ కూసున్నడు. నేను కూడికలు చేసి చూపించిన, తీసివేతలు చేసి చూపించిన. ఆయన తెర దిక్కే చూడలే. మూతను రెండు వేళ్ళతోని ముందుకు వెనుకకు ఆడించి, మెల్లగ అరచెయ్యిని యంత్రం కిందికి పోనిచ్చిండు. మొఖం రంగు మారింది.

"ఎప్పటిసంది గిట్లున్నది బిడ్డా?"

"ఎట్ల బాపు?"

"ఏం లేదు తియ్యి" అని లేచి, వాకిట్ల నిలబడి మొగులు దిక్కు చూసుకుంట ఉండిపోయిండు. నా కొలువు అక్కడికే ముగిసిందనుకున్న. "మీ బాపు వద్దనలే గదనే" అని అవ్వ. "ఔనన్నడా మరి?" అని నేను.

తెల్లారి ఆదివారం చుట్టాలింట్ల తొట్టెల ఫంక్షన్‌కు పోయి మాపటిజాముకు తిరిగొస్తే, అల్మారీల కంప్యూటర్ లేదు. అన్నకు తెల్వదు, అవ్వకు తెల్వదు. దేవులాడుకుంట డాబా మీదికి ఎక్కిన. టార్పాలిన్ నిండ పత్తి. పత్తి నడుమ తెల్ల ధోతి మడత. ధోతి మీద పుస్తకం లెక్క బార్ల తెరిచి, ఎండకు మొఖం పెట్టి నా కంప్యూటర్. పక్కన బాపు, తలకు కండువా చుట్టుకొని, చేతిల చిన్న కట్టెతోని పిచుకలను అదిలిస్తుండు.

"బాపు, ఏం చేస్తున్నవు?"

"మెల్లగ మాట్లాడు. నలుగురికి తెలిస్తె ఏం బాగుంటది?" అని దగ్గరికి పిలిచిండు. "లోపట తడి ఉన్నది బిడ్డా. నిన్న చెయ్యి పెట్టి చూసిన, ఉడుకెక్కింది. పాపం మీ అన్నకేం తెలుసు, నానిన సామాను అంటగట్టిండ్రు. పొద్దటిసంది తిప్పి తిప్పి ఎండబెడ్తున్న. రేపు సేటు చెయ్యి పెట్టి చూసి నిన్ను వాపస్ పంపద్దు. నన్ను పంపిండు, సరే."

నాకు నవ్వు రావాలె. రాలే. ఔనని ఒక్క మాట అనకుంట, నన్ను పంపుటానికి ఆయన పొద్దటిసంది ఎండల కూసున్నడు.

కిందికి తెచ్చి మీట నొక్కితే తెర మొత్తం కాటుక పెట్టినట్టు నల్లగైంది. అన్న చూసి "దీనికి ఎండదెబ్బ తాకింది" అన్నడు పరాచికానికి. అవ్వ నిజమనుకొని చింతపండు నానబెట్టవోయింది (పట్టుకొని ఆపేసరికి మా తల ప్రాణం తోకకు వచ్చింది). నీళ్ళ గోలెం పక్కన నీడల పెట్టి, దాని చుట్టు జ్వరం మనిషి చుట్టు కూసున్నట్టు కూసున్నం. బాపు మాత్రం దూరంగ, గడప అవతలనే కూసున్నడు. దీపాలు పెట్టే వేళకు నలుపు అంచుల నుంచి కరిగి తెర తెల్లవడ్డది. ఒక మూలకు అగ్గిపుల్ల తలకాయంత చుక్క మాత్రం అట్లనే నిలిచింది. అది చూసి బాపు, "దిష్టి చుక్క, ఉండనీయి" అన్నడు. ఆదివారం మొత్తంల ఆయన వేసిన ఒకే ఒక్క జోకు.

సోమవారం మిల్లుకు బాపు కూడ వచ్చిండు. చీటీల లెక్క తప్పు లేకుంట వచ్చింది. సేటు తలకాయ ఊపిండు. ఊపి, పత్తి మనిషి గద, అలవాటు చొప్పున అరచెయ్యి యంత్రం కిందికి పోనిచ్చిండు.

"పటేలా, గరం ఉన్నది."

"ఎండబెట్టిన సేటు." బాపు గొంతు అంత సన్నంగ నేనెప్పుడు వినలే. "నిన్న దినమంత నేనే కూసోని ఎండబెట్టిన. లోపట తడి లేదు."

సేటు నా దిక్కు చూసిండు. బాపు కూడ నా దిక్కే చూసిండు.

"తడి లేదు సేటు" అన్న నేను. "బాపు మంచిగ ఎండబెట్టిండు. ఇది పనిచేస్తుంటె వచ్చే వేడి. ఆపితే సల్లవడ్తది." మూత పెట్టేసిన. సేటు చాయ్ తెప్పించిండు. ముగ్గురం తాగినం. కప్పు కింద పెట్టి సేటు, "నువ్వే చూడు పటేలా" అన్నడు. బాపు చెయ్యి పెట్టి, కండ్లు మూసుకొని చాలాసేపు చూసిండు.

"సల్లవడ్డది."

"రేపటిసంది బిడ్డను పంపు మరి."

వచ్చేటప్పుడు బస్సుల బాపు అడిగిండు: "పని చేస్తె కాలుతదని మొన్ననే చెప్పద్దా బిడ్డా?" "నువ్వు అడగలే గద బాపు." ఆయన కిటికీల నుంచి బయటికి చూసుకుంట నవ్వు దాచుకున్నడు.

మొన్న నా బిడ్డ కొత్త లాప్‌టాప్ కొనుక్కున్నది. పాతదాంట్ల సగం మందం కూడ లేదు. తన పని తాను చేసుకుంటుంటె, నేను పోయి మెల్లగ దాని కిందికి అరచెయ్యి పోనిచ్చిన.

"ఏం చూస్తున్నవమ్మా?"

"తడి ఉన్నదేమోనని."

బిడ్డ నవ్వింది. ఇది ఎంత పని చేసినా కాలదట, అంత మంచి సామానట. పని చేస్తె కాలుతదని నేర్చుకున్న బాపు ఉంటే, ఇంత సల్లటిదాన్ని నమ్మకపోయేవాడు. అయినా కిటికీల నుంచి డాబా మీద ఎండ ఏ దిక్కు పడుతున్నదో ఒకసారి చూసుకొని, నాలో నేనే నవ్వుకొని ఇవతలికి వచ్చిన.