పేరూ ఊరూ జతగా

మా కంప్యూటర్ మేడం పోయారు. సోమవారం పొద్దున పాఠం చెబుతూనే కూలిపోతే భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. మధ్యాహ్నానికే ప్రాణం పోయింది.

మేడ మీది కిరాయి గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని ఆమె మాకు నేర్పేవారు. దుమ్ము పడుతుందని అందరి చేతా చెప్పులు బయటే విడిపించేవారు. తనవీ అక్కడే గోడకు ఆనించి పెట్టుకునేవారు. డిగ్రీ అయ్యాక ఇంట్లో కాలు నిలవక చేరిన నాకు, ఒంటరిగా బతికే ఆడమనిషిని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. అట్లా బతకొచ్చన్న ధైర్యం ఆమెను చూసే వచ్చింది.

ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న రాసే సబ్‌క్వెరీ పాఠం రోజు గుర్తుంది. హాస్టల్‌కు ఎంపికైన పిల్లల పట్టికలో పర్ణశాల నుంచి సీత, సత్తుపల్లి నుంచి లక్ష్మి ఉన్నారు. వాళ్ల వివరాలు పెద్ద పట్టికలోంచి తీయాలి. నేను పేర్లకొక లోపలి ప్రశ్న, ఊళ్లకొక లోపలి ప్రశ్న విడివిడిగా రాశాను. ఎంపిక కాని పర్ణశాల లక్ష్మి కూడా జవాబులోకి వచ్చి కూర్చుంది.

"లక్ష్మికి పర్ణశాల సంబంధం నువ్వే చూసినవా ఏంది?" అన్నారు మేడం.

"మరెట్ల రాయాలె మేడం?"

"పేరూ ఊరూ ఒక్క బ్రాకెట్లో పెట్టు. లోపలి ప్రశ్న గూడ ఆ రెండు కాలమ్‌లు జతగనే తేవాలె. ఈ దిక్కు ఇంటికో సీత ఉంటది. ఊరు లేకుంటే ఎవరి సీతను పట్టుకొస్తవ్?"

"ఊరు కాలమ్ ఖాళీగ ఉంటే?"

"జత కలవదు. ఆ మనిషి రాదు," అని తెర వైపు తిరిగారు.

ఆదివారాలు ఆమె ఎక్కడికో బస్సెక్కి పోయి చీకటి పడేలోపు వచ్చేవారు. ఎక్కడికని అడిగితే "గట్ల పోయొచ్చిన" అనేవారు.

దవాఖానాలో గుమాస్తాకు ఆమె పేరు చెప్పాను.

"గా పేరుతోని మస్తుమంది ఉంటరమ్మా. ఊరేంది? చెప్తే వాళ్ల మనుషులకు కబురు పంపుతం."

నాకు తెలియదు. ఇంటి ఓనరమ్మకూ తెలియదు. బస్టాండులో కండక్టర్లను అడిగినా, ఆదివారాలు ఆమె ఎక్కడ దిగేవారో ఎవరికీ గుర్తులేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, ఆమె వాళ్లెవరూ లేకుండానే గోదావరి ఒడ్డున కార్యం కానిచ్చాం.

మీలో ఎవరింటికైనా ఆదివారం బస్సులో ఒక కంప్యూటర్ మేడం వచ్చిపోతుండేవారేమో. ఈ వారం రారు.

ఒడ్డు నుంచి తిరిగొచ్చేసరికి ఆమె చెప్పులు గది బయట గోడకు ఆని ఉన్నాయి. అడుగున ఎండిన ఎర్రమట్టి, ఏ ఊరిదో.