తిరగేసి కుట్టిన గుండె

మా అక్క టైలరు. ఎంత మొండి గుడ్డయినా ఆమె చేతిలో పడితే దారికి రావలసిందే. దారికి రానివల్లా కూతురి పుస్తకాల్లోని అక్షరాలే. పిల్లకు డిస్లెక్సియా ఉందని, అందుకే అక్షరాలు తిరగేస్తుందని డాక్టరు చెప్పాడు, బద్ధకమని స్కూలు చెప్పింది. స్కూలు మాటే చెల్లింది. ఈసారి కూడా సైన్సు తప్పితే పేరు కొట్టేస్తామని హెడ్మాస్టరు మొహం మీదే అనేశాడు.

ఆన్‌లైన్‌లో బొమ్మల పాఠాలుంటాయని ఎవరో చెబితే అక్క కుట్టుమిషను పక్కన ఫోను నిలబెట్టింది. తెర మీద గుండె కొట్టుకునేది. నీలం రక్తం ఒక పక్క, ఎర్ర రక్తం ఇంకో పక్క, మధ్యలో పరుగెత్తే బాణాలు. పిల్ల నోరు తెరుచుకుని చూసేది. నేను కాజాలు కుడుతూ వాళ్లిద్దరినీ చూసేదాన్ని. చాలాకాలానికి మా కొట్లో నవ్వులు వినిపించాయి.

కానీ బాణాలు ఆగగానే తెర నిండా పేర్లు ముసిరేవి. పిల్ల ఫోను బోర్లించేసేది.

"ఆ రాతలు లేకపోతే నాకు వచ్చేస్తుందమ్మా."

అంతే, అక్క ఫోన్లో బొమ్మ చూస్తూ మిగులు ముక్కలతో గుండె కుట్టేసింది. పిల్ల ఇక ఫోను ముట్టలేదు. కళ్లు మూసుకుని ఆ గుడ్డ తడుముతూ కుడి కర్ణిక, ఎడమ జఠరిక అంటూ గడగడా చెప్పేది. అక్క కాళ్లావేళ్లా పడితే స్కూలు వాళ్లు ఒకదానికి ఒప్పుకున్నారు. టీచరు పేర్లు చదువుతుంది, పిల్ల బొమ్మలో చోటు చూపిస్తే చాలు. సగం మార్కులు ఆ బొమ్మకే.

పరీక్ష రోజు పిల్ల పరుగున వచ్చింది.

"పిన్నీ, అన్నీ చూపించేశా! ఒక్కదానికీ తడుముకోలేదు!"

ఆ బొమ్మకు సున్నా వచ్చింది. పిల్ల తప్పింది. అడగడానికి వెళితే టీచరు జాలిగా నవ్వింది.

"కుడివన్నీ ఎడమవాటి చోట, ఎడమవన్నీ కుడివాటి చోట చూపించిందమ్మా. మీ అమ్మాయికి మామూలేగా."

అక్క కొట్టుకొచ్చి ఫోను పక్కన గుడ్డ పెట్టుకుని చూసింది. మొహం పాలిపోయింది. ఏ టైలరైనా గుడ్డను తిరగేసి, లోపలివైపే సుద్దతో గీస్తాడు. అక్క చేయీ అలవాటుగా అదే చేసింది. కత్తిరించిన ముక్కలు మంచివైపుకి తిప్పితే బొమ్మ మొత్తం అటుదిటు అయింది. పిల్ల నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చెప్పింది. పాపిష్టి అలవాటు.

"నీ తప్పు కాదే తల్లీ, నేనే తిరగేసి కుట్టాను. ఇదిగో, నువ్వే చూడు" అని అక్క ఏడుస్తూ రెండూ చూపించింది.

పిల్ల చూడలేదు. "ఊరుకో అమ్మా. తిరగేసేది ఎప్పుడూ నేనేగా. నన్ను ఓదార్చడానికి చెప్తున్నావు."

అక్క ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. నా పక్కకొచ్చి కూర్చుంది.

"పిన్నీ, నాకు కాజాలు నేర్పవా?"

సూది ఇచ్చాను.