చేతి పట్టీ

తాగుడు మాన్పించే వార్డులో దుప్పట్లు మార్చే ఆయనకి యాభై దాటినా అందరికీ వార్డుబాయే. దుప్పటిని ఒక్క ముడత లేకుండా పరుస్తాడు. దాని మీద పడుకోబోయేవాణ్ణి చూస్తే మాత్రం ఆయనకి కడుపు మండిపోతుంది. ప్రభుత్వ బీమా కార్డు చూపిస్తే చాలు, మంచం, మందులు, వేళకి పాలు, ఒళ్లు వణికితే చెయ్యి పట్టుకునే నర్సు, అన్నీ ఉచితం. "దిగారండీ కొత్తల్లుళ్లు!" అని గొణుక్కుంటాడు. పదేళ్ల కిందట ఆయన తాగుడు మానేసినప్పుడు ఆ బీమా ఈ వైద్యానికి వర్తించేది కాదు మరి. నిన్న చేరిన రోగి ఒకడు పాలు చల్లారాయని విసుక్కుంటూ, మణికట్టుకి వేసిన బీమా నంబరు పట్టీని పీక్కుంటున్నాడు.

"ఇదెప్పుడు తీస్తారన్నా? ఒరుసుకుపోతోంది."

"నెల తిరగ్గానే కత్తిరిస్తార్లే."

"మీరూ మానేశారటగా. మీకూ వేశారా?"

దుప్పటి అంచుని పరుపు కిందికి దోపుతున్న చెయ్యి ఆగింది.

"అప్పట్లో దీనికి బీమా ఎక్కడిదయ్యా? మా ఆవిడ పది రోజులు తలుపుకి అడ్డంగా కూర్చుంది. బయటికి పోనివ్వలేదని చెయ్యి కొరికేశాను. నీ పట్టీ నెలకి ఊడిపోతుంది. ఆవిడ మణికట్టు మీద నా పళ్ల గాటు ఇంకా పోలేదు."