ఆవిడది ఏ ఊరు?

తొంభైల చివర, సెలవు రోజుల్లో అమ్మతోపాటు పలాసలో జీడిపిక్కలు కొట్టే షెడ్డుకు వెళ్లేదాన్ని. చర్మం పొక్కించే జీడి రసం అంటకుండా చేతులకు బూడిద పూసుకుని కూర్చోవాలి. అరగంట గడిస్తే చాలు, నాకు ముళ్లమీద కూర్చున్నట్టుండేది. ఎటైనా పోవాలనిపించేది.

ఒకరోజు పిక్కలు వదిలేసి, పాత ఆదివారం పేపర్లో ఒక సినిమా నటి కథ అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ ఇంగ్లండులో పుట్టి, చిన్నప్పుడే తల్లితో అమెరికా వెళ్లి నటి అయింది. అమెరికావాళ్లు ఇంగ్లండు పిల్ల అన్నారు. ఇంగ్లండు వెళితే అమెరికా యాస అని నవ్వారు. తల నెరిసే దాకా నటించినా ఆ మాట వదల్లేదట.

"ఇంతకీ ఆవిడది ఏ ఊరటే?" అంది అమ్మ.

నాకు చిర్రెత్తింది. "ఏదైతే నీకేటి?" అన్నాను.

అమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల, ఒరియా ఇల్లు. మా వీధిలో ఆమె ఇప్పటికీ ఒరియా కోడలే. పుట్టింటికెళితే తెలుగోళ్ల మనిషి.

"దెబ్బ తగిల్తే ఏ మాటొత్తాదో అదే మనూరు. నాకైతే ఒరియాయే వొత్తాది," అంది ధీమాగా.

నాకేసి చూస్తూ పిక్క కొట్టిందేమో, చేతిలోని కర్ర గురితప్పి తన బొటనవేలి మీదే పడింది.

"ఓలమ్మో, సచ్చిపోనానే!" అని అచ్చంగా మా పలాస తెలుగులో అరిచింది.

షెడ్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఆ రోజు ఇంటికి చేరేదాకా ఏ భాషలోనూ ఒక్క మాట మాట్లాడలేదు.