నాలుగు గోళ్ల మీద అమ్మ రవ్వ

అక్క పోయిందని ఫోను రాగానే నాకు ఏడుపు రాలేదు. మా బావ, అంటే అక్క భర్త, ఏనాడో మంచం పట్టిన మా అమ్మకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. "నా ముక్కుపుడకలో రవ్వతో దానికి ఉంగరం చేయించు నాయనా. రాయిని పట్టే గోళ్లు వద్దు, చుట్టూ అంచు కట్టించు" అంది అమ్మ. "మీ మాటే అత్తయ్యా" అన్నాడాయన. అమ్మ పెద్దకర్మ అయిన నెలకే ఆ మాట గాలికి పోయింది.

మనిషి పోతే ఉంగరం గొడవేమిటని మీరు విసుక్కోవచ్చు. అక్క గుణదలలో ఒక బడిలో సైన్సు చెప్పేది. ఎంత బాగా చెప్పేదో ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు చెబుతారు. బంధువుల్లో మాత్రం ఆమెకు మిగిలిన పేరు, తల్లి రవ్వను పోగొట్టుకున్న మనిషి. అది తుడవకుండా ఆమె గురించి నేనేం రాసినా దండగ.

ఈ గొడవ పుణ్యమా అని రాళ్లు పొదిగే పద్ధతుల గురించి దొరికిందల్లా చదివాను. గోళ్ల పొదుగులో సన్నటి బంగారు గోళ్లు రాయిని పైకెత్తి పట్టుకుంటాయి. అన్ని వైపుల నుంచీ వెలుగు దూరి చిన్న రాయి కూడా పెద్దగా కనిపిస్తుంది. కాని చీరకు తగులుకుంటుంది, సందుల్లో పిండి ఇరుక్కుంటుంది, గోళ్లు అరిగితే రాయి వదులవుతుంది. అంచు పొదుగులో బంగారం రాయి చుట్టూ మడిచి ఉంటుంది. వెలుగు తగ్గి రాయి కాస్త చిన్నబోతుంది. చాకిరీ చేసే చేతికి అదే నయం. అమ్మ ముక్కున ఆ రవ్వ అలాగే జన్మంతా ఉంది.

ఉంగరం చేయించే రోజు గవర్నర్‌పేటలో నగల కొట్టుకు అక్కా బావలతో నేనూ వెళ్లాను.

"సుద్దముక్కలు, అంట్లు, పిండి. ఈ చేతికి గోళ్లెందుకండీ?" అంది అక్క.

"అంచు కడితే చొక్కా గుండీలా ఉంటుందే" అన్నాడు బావ.

"గుండీ ఊడితే కుట్టుకుంటాను. రవ్వ ఊడితే?"

కొట్టాయన మధ్యలో దూరి, నడిమి రాయి చుట్టూ సన్న రాళ్లు పేర్చిన ఉంగరం చూపించాడు. "ఇదైతే చూపుకి బాగుంటుందమ్మా, పెద్దరాయికి అండా ఉంటుంది."

"ఒక్కదానికే దిక్కులేదు, అన్నిటికి కాపలా నావల్ల కాదండీ" అంది అక్క.

చివరికి బావ గోళ్లే నెగ్గాయి. "అరుగుతాయి సార్, ఏడాదికోసారి తెచ్చి చూపించండి" అన్నాడు కొట్టాయన. "నేను తెస్తాగా!" అన్నాడు బావ. ఆటోనగర్‌లో లారీ సామాన్ల కొట్టు ఆయనది. ట్రిప్పు ట్రిప్పుకీ బోల్టులు బిగించుకోమని డ్రైవర్లకు పాఠాలు చెప్పే మనిషి, ఆ గోళ్లను ఒక్కసారీ చూపించలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఉంగరం బాగుంది. ఏలూరు రోడ్డు మీద సిటీ బస్సు కోసం ఎండలో నిలబడి అక్క చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "వెలుగు మాత్రం బాగుందిరా. మీ బావకి చెప్పకు, నెత్తికెక్కుతారు" అంది.

అప్పటి నుంచి ఆమెకో అలవాటు పట్టుకుంది. పొద్దున్నే ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండో చేతి వేలితో టకటకా తట్టేది. రాయి వదులైతే లోపల చిన్నగా గలగలమంటుంది. ఒకరోజు నాకూ వినిపించింది.

"కొట్టుకి తీసుకెళ్లవే అక్కా."

"మీ బావ దసరా వెళ్లనీ అంటారు. దసరా వెళ్తే ఉగాది అంటారు."

"నువ్వే పోవచ్చుగా?"

"పోతే, నేను చచ్చాననుకున్నావా అని అరుస్తారు. నీకేం, నువ్వు ఇంటికి పోతావు."

గుడివాడలో ఓ పెళ్లికి వెళ్లాం. వడ్డన చేసి, చెయ్యి కడుక్కుని, అలవాటుగా చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు. రాయే లేదు. విస్తళ్లు తిరగేశాం, పులిహోర గంగాళం దేవాం. బావ అందరి ముందూ "ఇంత అజాగ్రత్త మనిషిని ఎక్కడా చూళ్లేదు" అన్నాడు. నేను నోరు తెరవబోతే అక్క కళ్లతోనే ఆపింది.

మా వైపు కొత్త రవ్వ కొనేముందు కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని, అచ్చొస్తుందో లేదో చూస్తారు. పొదుగు అచ్చొస్తుందో లేదో ఎవరూ చూడరు. కాబట్టి బంధువులంతా కలిసి, ఆ రాయి అక్కకు అచ్చిరాలేదని తేల్చేశారు. అమ్మకు జన్మంతా అచ్చొచ్చిన రాయి! మొన్న అక్క పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర బావ మళ్లీ అదే ఎత్తుకున్నాడు. "అత్తయ్య రవ్వ దానికి అచ్చిరాలేదయ్యా." నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

ఆస్పత్రిలో చివరి రోజుల్లో అక్కకు మనుషులు సరిగా తెలియలేదు. వేలికి ఏ ఉంగరమూ లేదు. అయినా పొద్దున్నే చెయ్యి చెవి దగ్గరకు తీసుకెళ్లి ఆ బోసి వేలిని తట్టేది. కాసేపు వినేది.

"ఎవరు పోగొట్టార్రా?" అని అడిగింది ఒకరోజు.

"నువ్వు కాదక్కా" అన్నాను. పక్కనే ఆయన నిలబడి ఉన్నాడు కాబట్టి అక్కడితో ఆగాను. మిగతాది ఇక్కడ చెబుతున్నాను. మా బావ.