మా ఆయన ట్రాక్టరు గుణగణాలు

ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయన నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. ట్రాక్టరునైతే దారిన పోయేవాళ్లను ఆపి మరీ మెచ్చుకుంటారు. ముప్పై అయిదు హార్స్‌పవరట, మూడు సిలిండర్లట, ముందుకు ఎనిమిది గేర్లట, వెనక్కి రెండట. ఆ ఎనిమిదిలో అయిదే పడతాయన్న సంగతి మాత్రం చెప్పరు. కాకి పిల్ల కాకికి ముద్దు మరి.

సెల్ఫ్ స్టార్టరు పోయి పుష్కరమైంది. అందుకే బండి ఎప్పుడూ కాలవకట్ట మీద, ఏటవాలులో ఉంటుంది. బ్రేకు వదిలితే కిందికి దొర్లుతూ స్టార్టవుతుంది. బ్యాటరీ బెడద లేదు కదా, ఇదీ ఒక సౌకర్యమే అంటారు. ఇక సీటు. ఒట్టి ఇనుము, పైన మడతపెట్టిన గోనెపట్టా. ఆయన నడుము పోయింది దాని పుణ్యమే. ఇంకొన్నాళ్లు ఆ సీటెక్కితే మంచాన పడతారని డాక్టరు చెప్పేసరికి, అమ్మకానికి నేనే కబురు పెట్టాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, మడి దున్నేవాళ్లకైతేనే ఇస్తానని ఒప్పుకున్నారు.

అల్లూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మా ఆయన అతన్ని బండి చుట్టూ మూడుసార్లు తిప్పి, నాగలి తగిలించే హైడ్రాలిక్ లిఫ్టు చూపిస్తానని బండి వెనక్కి వెళ్లారు. అప్పుడు అతను నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

"నాకు ఇంజనొక్కటే కావాలక్కా. రొయ్యల గుంటలో నీళ్లకు గాలి పట్టే ఏరేటర్లు తిప్పుకుంటా. మిగతాదంతా కోయించి పాతినుముకు ఏసేస్తా."

ఇన్నేళ్లూ దాన్ని ఆడిపోసుకున్న నోటితోనే, ఇంజన్ ఎప్పుడో పోయిందని, నీకు పనికిరాదని గట్టిగా అబద్ధమాడాను.

"ఎవురు చెప్పినారే నీకు, ఇంజను పొయ్యిందని?"

నేనన్న ఆ ఒక్క మాటే మా ఆయన చెవిన పడింది. నేను వద్దంటున్నా వినకుండా సీటెక్కి బ్రేకు వదిలారు. రోజూ నాలుగుసార్లు దొర్లిస్తే గానీ లేవని మహాతల్లి ఆ రోజు మొదటిసారికే లేచింది.

అతను కాసేపు ఆ చప్పుడు విని, ఇంజన్ బంగారంలా ఉందని, రేపే కోసేవాళ్లను తీసుకొస్తానని నాతో అన్నాడు. ఆ మోతలో మా ఆయనకు ఏమీ వినపడలేదు. మొహం వెలిగిపోతుంటే, "చూసినావా?" అని నా వైపు తిరిగి అరిచారు.

నిజం చెబితే ఆయన ఇక దాన్ని అమ్మరు, ఆ సీటు దిగరు. చెప్పకపోతే రేపు కోసేవాళ్లొస్తారు. నేను చూశానన్నట్టు తలూపాను.